ఆవిడ ఆగమంది

ఇంగ్లండ్‌లో ఒక కేర్ హోమ్‌లో నా ఉద్యోగం. 12 గంటల షిఫ్ట్. మధ్యాహ్నం భోజనాల వేళ నలుగురికి తినిపించి, ఎవరెంత తిన్నారో ఫుడ్ చార్ట్‌లో రాయాలి.

మొన్న 90 దాటిన ఒకావిడ నోటి దగ్గర స్పూన్ పెడితే పెదవులు బిగించేసింది. మళ్ళీ పెట్టాను. వణికే చేత్తో నా మణికట్టు పట్టుకుని, "ఆగు. నేనింకా దేవుడికి చెప్పుకోలేదు" అంది. కళ్ళు మూసుకుని ఒక్క వాక్యం చెప్పుకుంది. తినబోయే దానికి నిజమైన కృతజ్ఞత కలిగించమని ప్రభువుని అడగడం, అంతే. పది సెకన్లు కూడా పట్టలేదు. ఆ పది సెకన్లు నేనివ్వలేకపోయాను.

అన్నం ముందు ఆగడం నాకొకరు నేర్పాలా? తాతయ్య ఔపోశన పట్టేదాకా పంక్తిలో ఎవరం విస్తట్లో చెయ్యి పెట్టేవాళ్ళం కాదు. నాయనమ్మకి మంత్రాలు రావు. మొదటి ముద్ద కళ్ళకద్దుకునేది. ఆ ముద్దలోంచి నాలుగు మెతుకులు జారి చీర కుచ్చిళ్ళ మీద పడితే, వాటినీ ఏరి నోట్లో వేసుకునేది.

మాకూ ఉందని ఆవిడకి చెప్పాలనిపించింది. ఏమని చెప్పను? గీత నాలుగో అధ్యాయంలోని 'బ్రహ్మార్పణం' శ్లోకంలో కృతజ్ఞత అన్న మాటే లేదు. సమర్పణ బ్రహ్మం, హవిస్సు బ్రహ్మం, అగ్ని బ్రహ్మం, వేసేవాడూ బ్రహ్మమే. పదిహేనో అధ్యాయంలో కృష్ణుడు, వైశ్వానరుడనే అగ్నినై ప్రాణుల దేహాల్లో ఉండి నాలుగు రకాల అన్నాన్నీ నేనే అరిగిస్తున్నానంటాడు. అంటే తినడమే ఒక హోమం. ఇచ్చినవాడే లోపల కూర్చుని అందుకుంటున్నప్పుడు థాంక్స్ ఎవరు ఎవరికి చెప్పాలి? అందుకే కాబోలు, మనం నోరు తెరిచి చెప్పేది వడ్డించిన మనిషికి: అన్నదాతా సుఖీభవ. నాకు మనదే లోతైనదనిపిస్తుంది. ఇంటికి ఇంత దూరంలో ఉన్నందుకు ఇంకా గట్టిగా అనిపిస్తోందేమో కూడా.

కానీ అదే గీతలో, మూడో అధ్యాయంలో ఇంకో మాట ఉంది. తమ కోసమే వండుకునేవాళ్ళు పాపాన్నే తింటున్నారని. చిన్నప్పుడు అది నాకు తగిలే మాట కాదు. కాకికి పెట్టాకే, ఇంటికొచ్చినవాళ్ళని అడిగాకే మాకు వడ్డించేవాళ్ళు. ఇక్కడ నేను ఒక్క గదిలో, ఒక్క గిన్నెలో, ఒక్కదాని కోసం వండుకుంటున్నాను. దాన్నే డబ్బాలో పెట్టుకెళ్ళి, 6 గంటలు దాటి పనిచేసేవాళ్ళకి ఇక్కడి చట్టం ఇచ్చే 20 నిమిషాల బ్రేక్‌లో, ఫోన్ చూస్తూ నిలబడి తింటాను. ఏడాదిగా ఒక్క ముద్దయినా కళ్ళకద్దుకోలేదు. స్పూన్‌తో తినేదాన్ని ఎలా అద్దుకుంటామని సర్దిచెప్పుకున్నాను. అది సాకేనని నాకు తెలుసు.

ఇప్పుడు ఆవిడ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంటున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుంటే స్పూన్ కింద పెట్టి నేనూ మూసుకుంటున్నాను. నిన్న నేను కళ్ళు తెరిచేసరికి నన్నే చూస్తోంది.

"నీదింకా అవలేదా?"

"మాది కాస్త పెద్దది. సగంలో ఉన్నాను."

తల ఊపి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆగింది.