రోగాల లెక్క కాగితం నుంచి ఫోనులోకి: ఒక ఆరోగ్య పర్యవేక్షకుడి అనుభవం

నేను నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆరోగ్య పర్యవేక్షకుడిగా పనిచేస్తున్నాను. మా పరిధిలోని ఉప కేంద్రాల నుంచి జ్వరాలు, విరేచనాలు, పచ్చకామెర్లు, కుక్కకాటు, పాముకాటు వివరాలను రాబట్టి, సరిచూసి జిల్లా కార్యాలయానికి చేర్చడం నా బాధ్యతల్లో ఒకటి. ఈ పని కాగితాల నుంచి ఫోనులోకి మారిన తీరును ఇక్కడ రాస్తున్నాను. ఈ మార్పు గురించి మాట్లాడేవారు సాధారణంగా ట్యాబులు, సర్వర్లు, సిగ్నల్ గురించి చెబుతుంటారు. మాకు ఎక్కువ శ్రమ పట్టింది మాత్రం ఊళ్ల జాబితా దగ్గర.

ముందు పాత పద్ధతి గురించి చెప్పాలి. ఐడీఎస్‌పీ అని మేమంతా పిలిచే సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం దేశంలో 2004లో మొదలైంది. దాని కింద మూడు రకాల ఫారాలు ఉండేవి. ఇంటింటికీ తిరిగే ఉప కేంద్రపు ఆరోగ్య కార్యకర్త, అంటే ఏఎన్ఎం, లక్షణాలను బట్టి నింపేది ఎస్ ఫారం, డాక్టరు పరీక్షించి ఫలానా జబ్బు కావచ్చునని రాసేది పి ఫారం, ల్యాబులో నిర్ధారణ అయినవాటికి ఎల్ ఫారం. సోమవారం నుంచి ఆదివారం వరకు వారం లెక్క. వారం ముగిశాక ఏఎన్ఎంలు తెచ్చిన ఎస్ ఫారాలను మేము కూడి, డాక్టరు సంతకం తీసుకుని జిల్లాకు పంపితే, అక్కడ డేటా ఎంట్రీ ఆపరేటరు వాటిని కంప్యూటరులో ఎక్కించేవారు. ఆ ఫారాల్లో అంకెలే తప్ప మనుషులు ఉండేవారు కాదు. ఏడు రోజుల లోపు జ్వరం ఎందరికి, వారిలో ఒంటిమీద దద్దుర్లు ఉన్నవారెందరు, మగవారెందరు, ఆడవారెందరు, ఐదేళ్ల లోపువారెందరు అన్నంత వరకే అది చెప్పేది. మంగళవారం ఒక తండాలో పది ఇళ్లలో జ్వరం వస్తే, ఏఎన్ఎం స్వయంగా ఫోను చేసి చెబితే తప్ప, ఆ సంగతి మరుసటి వారం దాకా కాగితం మీదికి వచ్చే వీలు లేదు. వచ్చినా ఆ పది మంది ఒకే చోటివారా, నాలుగు ఊళ్లవారా అన్నది ఆ అంకె చెప్పదు.

2018 నవంబరులో ఈ వివరాలకు కొత్త డిజిటల్ వేదిక, సమీకృత ఆరోగ్య సమాచార వేదిక అనే ఐహెచ్‌ఐపీ, మొదట ఏడు రాష్ట్రాల్లో ప్రారంభమైంది. వాటిలో తెలంగాణ ఒకటి. దేశమంతటికీ అది 2021 ఏప్రిల్‌లో విస్తరించింది. ఇందులో ఒక్కొక్క రోగినీ పేరు, వయసు, ఫోను నంబరు, ఊరితో సహా నమోదు చేయాలి. ఏఎన్ఎం తన ఫోనులో ఎక్కించిన క్షణం నుంచే ఆ వివరం పై అధికారులకు కనిపిస్తుంది. శిక్షణ గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. ఫోనులో పిల్లల పాఠాలు చూపించే తరానికి చెందిన ఏఎన్ఎంలు త్వరగానే నేర్చుకున్నారు. రిటైర్మెంటుకు దగ్గరైనవారు కొంతకాలం తోటివారి సాయం తీసుకున్నారు. సిగ్నల్ అందని చోట వివరాలను నోటుపుస్తకంలో రాసుకుని, రోడ్డు మీదికి వచ్చాక ఎక్కించడం ఇప్పటికీ ఉంది.

అసలు చిక్కు లాగిన్ అయ్యాక మొదలైంది. ఊరి పేరు టైపు చేయకుండా జాబితాలోంచి ఎంచుకోవాలి. ఆ జాబితాలో ఉన్నవి రెవెన్యూ గ్రామాలు, అంటే భూమి రికార్డుల కోసం రెవెన్యూ శాఖ లెక్కలో ఉన్న ఊళ్లు. మా ప్రాంతంలో ఒక్కో రెవెన్యూ గ్రామం పరిధిలో నాలుగైదు తండాలు ఉండటం మామూలే. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి, సర్పంచులు వచ్చారు, బోర్డులు పెట్టారు. రెవెన్యూ లెక్కలో మాత్రం అవి పాత ఊళ్లోనే ఉండిపోయాయి. పైగా 2016లో జిల్లాలను విడదీసినప్పుడు కొండమల్లేపల్లి, నేరేడుగొమ్ము వంటి కొత్త మండలాలు ఏర్పడ్డాయి. మేము అందుకున్న జాబితాలో కొన్ని ఊళ్లు ఇంకా పాత మండలం కిందే కనిపించాయి. ఇక ఆరోగ్య ఉప కేంద్రం సరిహద్దు రెవెన్యూ, పంచాయతీ హద్దులు రెండింటికీ సంబంధం లేకుండా జనాభాను బట్టి గీసింది. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక ఉప కేంద్రం అన్నది ప్రమాణం. అంటే ఒకే ఇల్లు రెవెన్యూ శాఖకు ఒక ఊళ్లో, పంచాయతీకి ఇంకో ఊళ్లో, మాకు మూడో చోట ఉంటుంది. ఏ శాఖ లెక్క దానికి సబబే, కాని మూడింటినీ ఒక్క తెర మీద కలపాల్సి వచ్చేసరికి ఇబ్బంది మా మీద పడింది.

ఫలితంగా తండాలో వచ్చిన జ్వరాలన్నీ మూడు, నాలుగు కిలోమీటర్ల దూరంలోని పెద్ద ఊరి పేరు మీద పడసాగాయి. దోమల మందు కొట్టే బృందం ఆ ఊరికే వెళ్లేది. ఒకసారి నేను తండాలో ఇళ్లు తిరుగుతుంటే ఒక పెద్దమ్మ, “జరాలు మాకొస్తే మందు ఊర్ల కొడ్తున్రేంది సారూ” అని అడిగింది. ఆమె అడిగినదానికి నా దగ్గర ఉన్న జవాబు ఆ జాబితాయే, అది ఆమెకు పనికొచ్చేది కాదు.

ఊరి పేరు మీద వేసిన ఒక్క అంకె ఆ ఊళ్లోని ప్రతి చోటికీ వర్తించదన్న సంగతి నల్లగొండ వాళ్లకు కొత్తగా విడమరచాల్సిన పని లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడు గురించి తెలిసినవారెవరైనా, ఒకే ఊళ్లో ఒక బోరు నీళ్లు తాగదగినవిగా, పక్క బోరు నీళ్లు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటి ఉంటాయని చెబుతారు. ఊరి సగటు తీస్తే అక్కడ ఎవరికీ ఉపయోగం లేదు.

మేము చేసినది ఇది. ప్రతి ఉప కేంద్రంలో ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు, పంచాయతీ కార్యదర్శిని కూర్చోబెట్టి, మనుషులు నిజంగా నివసించే ప్రతి ఆవాసాన్నీ, అది ఏ రెవెన్యూ గ్రామానికి, ఏ పంచాయతీకి చెందుతుందో ఒక పట్టికలో రాశాము. జాబితాలో లేని తండా పేరును చిరునామా గడిలో ఎప్పుడూ ఒకే స్పెల్లింగుతో రాయాలని నిర్ణయించి, ఆ స్పెల్లింగులను ముద్రించి అందరికీ ఇచ్చాము. ఒకరు ఇంగ్లీషులో ‘టి’ తర్వాత ‘హెచ్’ పెట్టి, ఇంకొకరు పెట్టకుండా తండా అని రాస్తే, వెతికినప్పుడు అవి రెండు వేర్వేరు చోట్లవుతాయి. మండలం తప్పుగా ఉన్న ఊళ్లను, వేరే ఉప కేంద్రానికి జతపడిన ఊళ్లను విడిగా రాసి జిల్లా నిఘా అధికారి ద్వారా పైకి పంపాము. కొన్ని త్వరగా సరి అయ్యాయి, కొన్నింటికి చాలాసార్లు గుర్తు చేయవలసి వచ్చింది. ఈ పనికి ఏ సాఫ్ట్‌వేరు నైపుణ్యమూ అవసరం లేదు, కాని దీనికి ఎవరూ సమయం కేటాయించరు.

రెండో చిక్కు హైదరాబాదు. మా తండాల నుంచి ఆటో నడపడానికి, కూలికి నగరానికి వెళ్లిన కుటుంబాలు అనేకం. జ్వరం వచ్చినవాడు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో చూపించుకుంటే, అక్కడ చెప్పే చిరునామాను బట్టి కేసు వస్తుంది. ఆధార్‌లో ఊరి చిరునామా ఉంటే, ఆర్నెల్లుగా ఊరు చూడనివాడి డెంగీ కూడా మా లెక్కలోకి వస్తుంది. ఊళ్లో దోమ కుట్టి నగరంలో బంధువుల ఇంట్లో పడుకున్నవాడిది నగరం లెక్కలోకి పోతుంది. కాబట్టి పై నుంచి కేసు వచ్చిన ప్రతిసారీ, జ్వరం రావడానికి ముందు రెండు వారాలు ఎక్కడున్నారని ఫోను చేసి అడగడం అలవాటు చేసుకున్నాము. ప్రైవేటు ల్యాబుల విషయం ఇంకొకటి. అప్పటికప్పుడే ఫలితం చెప్పే కార్డు పరీక్షలో పాజిటివ్ వస్తే రోగికి అది డెంగీయే. కాని జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఎలైజా అనే ల్యాబు రక్తపరీక్షలో తేలితేనే నిర్ధారిత కేసు. జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో వైరస్ ప్రొటీన్ను పట్టే ఎన్ఎస్1, ఆ తర్వాత యాంటీబాడీలను పట్టే ఐజీఎం చేయాలి. పత్రికలో వచ్చే అంకెకూ మా అంకెకూ తేడా ఎందుకని అడిగినవారందరికీ ఇది చెప్పవలసి వస్తుంది.

పట్టిక కుదిరాక మా పనిలో నిజమైన మార్పు వచ్చింది. ఒక వానాకాలంలో రెండు రోజుల్లో విరేచనాల కేసులు వరుసగా ఒకే తండా పేరుతో కనిపించాయి. పాత పద్ధతిలో అయితే అవి ఆ ఊరి మొత్తంలో కలిసిపోయేవి. వెళ్లి చూస్తే మురుగు కాలువను దాటే చోట నీటి పైపు జాయింటు ఊడి ఉంది. పంచాయతీవారు దాన్ని బిగించి, ట్యాంకుకు క్లోరినేషన్ చేశారు. మేము ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచాము. అప్పటి నుంచి ఆవాసాల వారీ అంకెలను, పేర్లు లేకుండా, ప్రతి వారం పంచాయతీ కార్యదర్శులకు ఇస్తున్నాము. పేర్లు లేకుండా అన్నది నేను పట్టుబట్టిన విషయం. అంతకుముందు వాట్సాప్ గ్రూపుల్లో రోగుల పేర్లు, ఫోను నంబర్లతో సహా జాబితాల ఫొటోలు తిరిగేవి. టీబీ ఉన్న ఆడపిల్ల పేరు ఒక్కసారి అలా బయటపడితే ఆమె పెళ్లి సంబంధం ఏమవుతుందో ఊళ్లో పుట్టిపెరిగినవారికి చెప్పనక్కరలేదు.

మిగిలిన ఇబ్బంది, యాప్‌లు ఎక్కువ కావడం. గర్భిణులకు ఒకటి, బీపీ, షుగరుకు ఒకటి, టీబీకి నిక్షయ్, జ్వరాలకు ఇది. వీటిలో ఒకే మనిషి పేరును ఏఎన్ఎం మళ్లీ మళ్లీ కొట్టాలి. ఒక్కొక్కరికీ ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు, ఆభా, వీటన్నింటినీ కలుపుతుందని చెబుతారు, ఆ ఆలోచన నాకు నచ్చింది కూడా. కాని దాన్ని ఆధార్‌తో సృష్టించడానికి కావలసిన ఓటీపీ, ముసలమ్మ ఆధార్‌కు జతచేసిన నంబరు ఉన్న కొడుకు ఫోనుకు వెళుతుంది. ఆ కొడుకు హైదరాబాదులో ఆటో నడుపుతుంటాడు. అందుకే మా ఏఎన్ఎంలు అటువంటి కుటుంబాల జాబితా ఉంచుకుని, దసరాకు, సంక్రాంతికి కొడుకులు ఊరికి వచ్చినప్పుడు ఆ ఇళ్లకు వెళుతున్నారు. చేతిరాత రిజిస్టరును కూడా మేము ఇంకా ఆపలేదు.