నాన్న షెడ్డుకి ప్లేనర్

కోనసీమలో మామిడికుదురు దగ్గర మా ఇంటి పెరట్లో నాన్న వడ్రంగి షెడ్డు ఉంది. తలుపులు, ద్వారబంధాలు, మంచాలు, ఏ పని వస్తే అది చేస్తాడు. ఈమధ్య కుడి భుజం పట్టేయడంతో చిత్రిక పట్టడం కష్టమైపోయింది. టేకు పలకని రెండువైపులా చదును చేసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందానికి తేవాలంటే పూటంతా పడుతుంది. కువైట్‌లో నేను అదే పనిని మిషను మీద నిమిషాల్లో చేసేస్తాను. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా మనసు ఊరుకోదు. నెలనెలా డబ్బు పంపుతున్నాను, కానీ డబ్బుతో భుజం నొప్పి తగ్గదు కదా. అందుకే ఈసారి సెలవుకి వెళ్లేలోపు షెడ్డులో ఒక చిన్న థిక్‌నెస్ ప్లేనర్, అంటే పలకని ఒకే మందానికి చెక్కే మిషను, పెట్టించాలని పట్టుబట్టాను.

నేను పనిచేసేది షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాలో, వంటింటి కబోర్డులు, తలుపులు చేసే వర్క్‌షాపులో. అక్కడి ప్లేనర్‌ది పోత ఇనుము బల్ల, త్రీ ఫేజ్ మోటారు. దాన్ని కదపాలంటే ఫోర్క్‌లిఫ్ట్ రావాలి. నాకు దాని మీద చెయ్యి తిప్పడం నేర్పింది ఈజిప్టు ఫోర్‌మన్. పలక లోపలికి పోతున్నప్పుడు కళ్లకంటే చెవులకి ఎక్కువ పని చెప్పమనేవాడు. మోటారు మూలిగిందంటే కోత ఎక్కువైనట్టు, గొంతు మారిందంటే బ్లేడు మొద్దుబారినట్టు. పలక బయటికి వచ్చాక నాలుగు మూలలా మందం కొలిచే కాలిపర్‌తో చూసేవరకు ఇంకోటి తోయనిచ్చేవాడు కాదు. నాన్న కూడా నా చిన్నప్పుడు మూలమట్టం పట్టుకుని అలాగే నిలబెట్టేవాడు. పని చేయించుకునే పద్ధతిలో ఇద్దరూ ఒకటే.

అలాంటి మిషను ఇంటికి పనికిరాదు. మాకు ఉన్నది సింగిల్ ఫేజు. షెడ్డు చిన్నది, వానాకాలంలో నేల చెమ్మగిల్లుతుంది, అవసరమైతే మిషను ఎత్తి గట్టు మీద పెట్టాలి. అంటే ఇద్దరు మనుషులు ఎత్తగలిగేదే కావాలి. ఇలాంటి వాటిని పోర్టబుల్ అంటారు. వీటిలో పట్టే పలక వెడల్పు పన్నెండు, పదమూడు అంగుళాల దాకా ఉంటుంది.

డాలస్‌లో ఉన్న మా మేనత్త కొడుకు డీవాల్ట్ 735 కొనమన్నాడు. మంచి మిషనే, కాదనను. పదమూడు అంగుళాల వెడల్పు, మూడు బ్లేడ్లు, రెండు స్పీడ్లు. నెమ్మది స్పీడులో అంగుళానికి 179 కోతలు పడతాయి కాబట్టి సాండ్ పేపర్ పని బాగా తగ్గుతుంది. పొట్టుని బయటికి ఊదే ఫ్యాను లోపలే ఉంటుంది. "బావా, నేనే కొని పంపిస్తాను, నువ్వు టెన్షన్ పడకు" అన్నాడు. కానీ అక్కడ అమ్మేది 120 వోల్టులది, మన ఇళ్లలో ఉన్నది 230. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడపాలి. దాని బరువు, దాని వేడి, అది పాడైతే రిపేరు, అన్నీ నాన్న నెత్తిన పడతాయి. పైగా మిషనే 42 కిలోల దాకా ఉంటుంది. వాడి ప్రేమకి దణ్ణం పెట్టి, వద్దన్నాను.

నేను ఎంచుకున్నది మకీటా 2012ఎన్‌బి. 304 మిల్లీమీటర్ల వెడల్పు, 1650 వాట్ల మోటారు, రెండు బ్లేడ్లు, 28 కిలోల బరువు. నాన్న, తమ్ముడు చెరోవైపు పట్టుకుంటే షెడ్డులోంచి అరుగు మీదికి తెచ్చేయొచ్చు. బ్లేడుకి రెండంచులా పదునుంటుంది, ఒకటి పోతే తిప్పి బిగించుకోవడమే, సానపట్టే పని లేదు. కువైట్ కరెంటుకి నడిచే మిషను మన ఇంట్లోనూ పనిచేస్తుంది కాబట్టి ఇక్కడే కొని సామానులో పెట్టుకుందామని మొదట ఆలోచించాను. కానీ బ్లేడ్లు, మోటారులో అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు అవసరమైనప్పుడు తమ్ముడు బండేసుకుని వెళ్లి తెచ్చుకోగల కొట్టు, చేతిలో ఇండియా బిల్లు ఉండటం ముఖ్యం. గల్ఫ్ నుంచి తెచ్చిన మిషన్లు చిన్న పార్టు దొరక్క గోనెసంచి కింద పడుండటం మా ఊళ్లోనే చూశాను.

ఇవి చిన్న మిషన్లు, చిన్న మోతాదులోనే తినాలి. పూర్తి వెడల్పు పలక పెట్టినప్పుడు ఒక్కసారికి ఒక మిల్లీమీటరు కంటే ఎక్కువ కోయకూడదు. నేనైతే టేకుకి అర మిల్లీమీటరే పెట్టమంటాను. టేకులో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది, అది బ్లేడు పదునుని తినేస్తుంది. తాడి పలకైతే ఇంకా మొండి. బ్లేడ్ల బదులు చిన్న చిన్న కార్బైడ్ ముక్కలు మెలిక వరసలో ఉండే స్పైరల్ హెడ్లు కూడా ఉన్నాయి. చప్పుడు తక్కువ, ముక్క మొద్దుబారితే తిప్పుకుంటే చాలు. కానీ వాటి ఖరీదు మా షెడ్డుకి వచ్చే పనికి సరిపోదు.

నాన్న దగ్గర అటక మీద పనస పలకలున్నాయి. తొంభై ఆరు తుఫానుకి పడిపోయిన చెట్టువి. "నువ్వు తెచ్చే మిషను ఆ పలకల్ని చదును చేస్తుందేంట్రా అబ్బాయ్?" అని అడిగాడు. అసలైన ప్రశ్న అది. మెలి తిరిగిన పలకని ప్లేనర్ సాపు చేయలేదు. లోపలి రోలర్లు దాన్ని గట్టిగా అణిచిపెడతాయి, బ్లేడ్లు పైభాగం కోస్తాయి, బయటికి రాగానే పలక మళ్లీ తన మెలికకి తాను వెళ్లిపోతుంది. మందం ఒకటే అవుతుంది, వంకర అలాగే ఉంటుంది. ముందు ఒక ముఖం చేత్తో సాపు చేసి, దాన్ని కిందికి పెట్టి తోస్తే అప్పుడు రెండో ముఖం దానికి సమంగా వస్తుంది. లేదంటే వంకర పలకని తిన్ననైన ప్లైవుడ్ ముక్క మీద పెట్టి, ఎత్తుగా ఉన్న చోట్ల కింద చీలికలు కొట్టి కదలకుండా చేసి, ప్లైవుడ్‌తో సహా తోయాలి. అది విని నాన్న "ఆయ్, అయితే చిత్రిక పని ఇంకా ఉందన్నమాట" అన్నాడు. ఉంది. కాకపోతే పలకంతా కాదు, ఒక ముఖంలో ఎత్తున్న చోట్ల మాత్రమే. ఆ మాత్రం అయితే నాన్న భుజం తట్టుకుంటుంది.

పాత మండువా లోగిళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు దూలాలు మా వైపు బాగా దొరుకుతాయి. అంత చేవ ఉన్న కర్ర ఇప్పుడు అడితిలో దొరకడం కష్టం. కానీ వాటిలో తుప్పుపట్టిన మేకులు ఉంటాయి, పైకి కనపడవు. ఒక్క మేకు తగిలితే బ్లేడుకి గాటు పడుతుంది, ఆ గాటు ప్రతి పలక మీదా ఈ చివర నుంచి ఆ చివరికి సన్నని గీతలా లేస్తుంది. చేతిలో పట్టే చిన్న మెటల్ డిటెక్టర్ తమ్ముడికి తప్పనిసరిగా కొనిస్తున్నాను. మేకులు లాగాక ఇనప బ్రష్‌తో ఇసుక, మట్టి దులపాలి.

పలక రెండు చివర్లా రెండు మూడు అంగుళాల మేర కోత కాస్త లోతుగా పడటం చిన్న మిషన్లకి సహజం. పలకని ఒక్క రోలరే పట్టుకున్నప్పుడు చివర పైకి లేస్తుంది, అందుకని. లోపలికి పోయేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు పలక అవతలి చివరని కొద్దిగా ఎత్తి పట్టుకోవాలి. పొడవు అదనంగా ఉంచుకుని చివర్లు తర్వాత కోసేయడం అన్నిటికంటే నమ్మకం.

చప్పుడు గురించి ఇంట్లోవాళ్లకి ముందే చెప్పాను. ఈ మోటారు మిక్సీలో ఉండే రకం, కీచుమని అరుస్తుంది. మా వర్క్‌షాపులో చెవులకి ఏమీ పెట్టుకోకుండా పనిచేసిన పెద్దాయన ఒకరు ఇప్పుడు ఇంటికి ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టినా సరిగా వినపడక ఫోను పక్కవాళ్లకి ఇస్తాడు. నాన్నకి అలా కానివ్వను. ఇయర్ మఫ్‌లు రెండు జతలు కొన్నాను, మాస్కులు కూడా. కలప దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది. ప్లేనర్ నుంచి పొట్టు బస్తాలకొద్దీ వస్తుంది, నాలుగంగుళాల పైపుతో దాన్ని షెడ్డు బయటికి పంపే ఏర్పాటు తమ్ముడు చేస్తున్నాడు.

ఇక కరెంటు. సాయంత్రం మా వీధిలో వోల్టేజి పడిపోతుంది, ఆ వేళ మిషను వేయొద్దని చెప్పాను. మీటరు దగ్గర నుంచి షెడ్డుకి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగు. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ పెట్టి నడిపితే మోటారు వేడెక్కి కాలిపోతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి కొలతలు తీసుకుని వెళ్లాడు. వైరింగ్ పూర్తయ్యాకే మిషనుకి ఆర్డరు పెట్టమని తమ్ముడికి చెప్పాను. సంక్రాంతికి నేను వెళ్లాక మొదటి పని చెల్లెలి ఇంటి సింహద్వారం. దాని పలకలు ఇప్పుడే కోయించి, ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మందం ఎక్కువ ఉంచి, గాలి ఆడేలా మధ్యలో పుల్లలు పెట్టి షెడ్డులో పేర్చమన్నాను.