రాయి జరిపితే తగ్గిన తగవు

తెల్లవారి చేపల తొట్టిలో లైటు వేయగానే, ఫిల్టర్ గొట్టానికీ గాజు గోడకూ మధ్యనున్న సందులో, నీటి పైభాగానికి అంగుళం కింద, కదలకుండా నిలబడి ఉన్న ఎల్లో ల్యాబ్ అనే పసుపు చేపను చూసినప్పుడు, గాలి చాలక పైకి వచ్చిందేమో అనుకున్నాను. తోక చివర దువ్వెన పళ్ళలా చీలి ఉండడం, మేత వేసినా అది కిందికి దిగకపోవడం గమనించాక గాని, ప్రాణభయంతో అక్కడ తలదాచుకుందని అర్థం కాలేదు. సిక్లిడ్‌లనే ఈ కుటుంబపు చేపలను పెంచేవారు ముందుగా చూసుకోవలసింది ఇలా మూలకు చేరిన చేపనే. కొట్టే చేపను చూస్తే ఏమీ తెలియదు. అది ఎప్పుడూ నిగనిగలాడుతూనే ఉంటుంది.

పర్లాకిమిడిలో మా ముందుగదిలో ఉన్న తొట్టి పొడవు 4 అడుగులు, వెడల్పూ ఎత్తూ అడుగున్నర చొప్పున. లెక్కకు 250 లీటర్లు పట్టాలి గాని, రాళ్ళూ ఇసుకా ఆక్రమించిన చోటు పోతే 200 మిగిలితే గొప్ప. విశాఖపట్నంలో బొటనవేలంత పిల్లలను పన్నెండింటిని, ఆరు ఆరాటస్‌లు, ఆరు ఎల్లో ల్యాబ్‌లు, ఆక్సిజన్ నింపిన పాలిథీన్ సంచుల్లో కట్టించి, థర్మోకోల్ పెట్టెలో పెట్టుకుని గుణుపురం ప్యాసింజర్‌లో ఒడిలో మోసుకొచ్చాను. "అన్నీ ఒకే సరస్సు చేపలండీ, కలిసే పెరుగుతాయి" అన్నాడు దుకాణదారుడు. ఒకే సరస్సు అన్న మాట నిజమే. రెండూ ఆఫ్రికాలోని మలావి సరస్సువే. ఆరాటస్ పేరులోనే ఆరాటం ఉందని మాత్రం నాకు ఆరేడు నెలల తరువాత, అవి ఈడుకు వచ్చాక తెలిసింది.

మా అమ్మకు ఇవన్నీ జిలేబీ చేపలే. "ఈ జిలేబీలకి ఇంత పౌరుషమేటిరా?" అని ఒకటికి పదిసార్లు అడిగింది. ఆమె అనడంలో తప్పు లేదు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, అంటే మన సంతల్లో అమ్మే జిలేబీ, ఈ సిక్లిడ్ కుటుంబానిదే. చిలికాలో దొరికే కరిమీను కూడా ఈ కుటుంబానిదే. గుడ్లనూ పిల్లలనూ కాపాడుకోవడం, అందుకోసం చోటును పట్టుకుని కూర్చోవడం వీటన్నిటికీ పుట్టుకతో వచ్చిన గుణం.

మలావిలో మ్బూనా అనే రాతి చేపలు, నా దగ్గరున్న రెండు రకాలూ ఇవే, నీళ్ళలోని రాళ్ళ మధ్య బతుకుతాయి. రాతి మీద పెరిగే నాచే వాటికి తిండి, రాతి సందే ఇల్లు. మగచేప ఒక సందును తనదిగా చేసుకుని, ఆ నాచును మేయవచ్చిన వాటిని తరిమేస్తుంది, ఆడచేపను అక్కడికే పిలుచుకుంటుంది. సరస్సులో ఓడిన చేప పది బారలు అవతలికి ఈదితే తగవు అక్కడితో సరి. నా తొట్టిలో అది ఎంత పారిపోయినా 4 అడుగుల లోపే ఉంటుంది గనుక, గెలిచిన చేపకు అది ఇంకా తన గుమ్మంలోనే నిలబడి సవాలు చేస్తున్నట్టు కనిపిస్తుంది. ఇంత చిన్న విషయం తట్టడానికి నాకు రెండు ఎల్లో ల్యాబ్‌లు బలి కావలసి వచ్చింది.

మొదట నేను చేసింది అందరూ చేసే పనే. ఎడమ మూలలోని బల్లపరుపు రాయి కింద కాపురం పెట్టిన పెద్ద మగ ఆరాటస్‌ను వలతో పట్టి, ఎయిర్ పంప్ పెట్టిన బకెట్టులోకి మార్చాను. ఆ పూట తొట్టి ప్రశాంతంగా ఉంది. ఆరాటస్‌లలో ఆడవీ, పిల్లలూ, లొంగి ఉన్న మగవీ పసుపు ఒంటి మీద నల్లచారలతో ఒకేలా కనిపిస్తాయి; పెత్తనం చేసే మగదానికి మాత్రం ఆ రంగులు తిరగబడి, ఒళ్ళు నల్లబడి చారలు లేతగా మారతాయి. రెండో రోజు సాయంత్రం చూద్దును గదా, అంతవరకూ ఆడదనుకున్న ఒక చేప పొట్ట కింద మసి పూసినట్టు నల్లబడుతోంది. నాలుగో రోజుకు అది పూర్తిగా నల్లబడి, అదే మూలలో, అదే రాయి కింద నుంచి, అదే ఎల్లో ల్యాబ్ మీదకు దూకడం మొదలుపెట్టింది. తగవు చేపది కాదు, ఆ మూలదని అప్పుడు తెలిసింది.

ఆ ఆదివారం పొద్దున్నే మూడో వంతు నీరు తీసి, రాళ్ళన్నీ బయటపెట్టి, బల్లపరుపు రాయిని ముక్కలు చేశాను. మహేంద్రతనయ ఏటి ఒడ్డు నుంచి తెచ్చిన గుండ్రాళ్ళను కడిగి, మూడు గుట్టలుగా, ఒక గుట్ట నుంచి చూస్తే రెండోది కనబడకుండా పేర్చాను. చేపలకు ఒకదానికొకటి కనిపించకపోతే, ఎంతో దూరంగా ఉన్నట్టే లెక్క. రాళ్ళను ఇసుక మీద పెట్టకూడదు. సిక్లిడ్‌లు ఇసుకను నోటితో తోడిపోస్తాయి, అడుగు కదిలిన రాయి దొర్లి గాజును పగలగొట్టగలదు. అందుకని పలచని థర్మోకోల్ రేకు పరిచి, రాళ్ళు దాని మీద నిలబెట్టి, తరువాతే ఇసుక పోశాను. రెండు కుండ పెంకులు కూడా బోర్లించాను. బకెట్టులోని చేపను ఆ రోజే, లైటు ఆర్పిన తరువాత వదిలాను. పొద్దుటికి నల్లచేపలు రెండూ, ఎవరిది ఏ చోటో తెలియక, కొత్త ఊళ్ళో బస్సు దిగినవాళ్ళలా తిరుగుతున్నాయి. వారం రోజుల్లో పాత పెద్దే మళ్ళీ పెద్ద అయింది గాని, ఈసారి దాని రాజ్యం ఒక గుట్టకే పరిమితమైంది. రెండోది తిరిగి చారల్లోకి వచ్చింది.

ఆడచేపలు ఎక్కువగా, మగది ఒక్కటే ఉండాలన్నది తెలిసిన సూత్రమే. చిన్నప్పుడు తేడా తెలియదు గనుక అది కొన్నాక చేసుకునే సర్దుబాటు. చేపల సంఖ్య పెంచితే దెబ్బలు ఒక్కదాని మీదే పడకుండా పంచుకుపోతాయనే సలహా కూడా నిజమే, అయితే దాన్ని మా ప్రాంతంలో నేను సగమే పాటిస్తాను. ఎక్కువ చేపలంటే ఎక్కువ మలినం, ఎక్కువ ఆక్సిజన్, ఆగని ఫిల్టర్. ఆగని ఫిల్టరంటే ఆగని కరెంటు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి వెళ్ళాక రోజుల తరబడి మేము చీకట్లోనే ఉన్నాం. అప్పట్లో నా దగ్గరున్న చిన్న తొట్టిలో కిక్కిరిసిన గోల్డ్‌ఫిష్‌లు, నేను మగ్గుతో నీళ్ళు ఎత్తిపోస్తూ కూర్చున్నా, ఒకటొకటిగా తేలిపోయాయి. అందువల్ల ఇప్పుడు బ్యాటరీ ఎయిర్ పంప్ కొని ఉంచుకున్నాను, చేపలను పదిహేనుకు మించనివ్వను.

మేతలో మార్పు కూడా కొంత పని చేసింది. మ్బూనాలు నాచు మేసేవి గనుక నాచుపొడి గుళికలే పెడతాను; మాంసపు మేత ఎక్కువైతే వీటికి కడుపు ఉబ్బి చనిపోయే జబ్బు వస్తుంది. గుళికలను ఒకే చోట కాక మూడు చోట్ల ఒకేసారి చల్లితే, పెద్దది ఒక చోట కాపలా కాస్తుండగా మిగిలినవి రెండు చోట్ల తినిపోతాయి.

ఫిల్టర్ వెనక నిలబడ్డ ఎల్లో ల్యాబ్ తోక రెండు నెలల్లో తిరిగి పెరిగింది. అది ఇప్పుడు కుడివైపు గుట్ట వెనక ఉంటోంది. ఎడమ గుట్ట వద్ద తరుములాటలు మళ్ళీ పెరిగినందువల్ల ఈ ఆదివారం రాళ్ళు జరపాలనుకున్నాను. కాని నిన్న రాత్రి టార్చి వేసి చూస్తే, కుండ పెంకు కింద ఒక ఆడ ఆరాటస్, గొంతు సంచిలా ఉబ్బి, ఏదో నములుతున్నట్టు దవడలు మెల్లగా ఆడిస్తూ కనిపించింది. నోట్లో గుడ్లున్నాయి. సుమారు మూడు వారాలు అది సరిగా మేత ముట్టదు, ఆ పెంకునూ వదలదు. అంతవరకూ తొట్టిలో చెయ్యి పెట్టకూడదని నిశ్చయించుకున్నాను.