402 మీటర్లు, పక్క లేన్‌లో బావ

మహారాష్ట్రలోని మా ధర్మాబాద్ నుంచి తెలంగాణలోని బాసర పోయే రోడ్డు మీద మా బావ ఆక్టేవియాను దాటిన కారు లేదు. ఈ మాట చెప్పేది మా బావే. బిలోలి పోతే అక్కడ ఇంకో రాజు ఉంటాడు, దెగ్లూర్ పోతే మరొకడు. అందరూ ఎవరినో ఒకరిని ఓడించినవాళ్లే. ఓడినవాడు మాత్రం ఎక్కడా కనిపించడు. ఆ కబుర్లు విని విని నాకు విసుగొచ్చింది. నా కారు సత్తా ఎంతో కాగితం మీద అంకెగా చూడాలనిపించింది.

నాది ఆడి టీటీ. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండు డోర్లు, రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, 230 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ పవర్. బావది స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్. దానిదీ రెండు లీటర్ల టర్బోనే, అదే 230. కాకపోతే పవర్ ముందు చక్రాలకే వెళ్తుంది. మిర్చి అడ్తి నడుపుకునే ఇంట్లో ఇలాంటి కారు ఎందుకురా అని బాపు ఇప్పటికీ అడుగుతాడు. మార్కెట్ బంద్ ఉన్న రోజు మాత్రం ఆయనే ముందు సీట్లో కూర్చుని "నడువు, బాసర పోయి అమ్మవారిని చూసొద్దాం" అంటాడు.

రోడ్డు మీదే తేల్చుకుందాం అన్నాడు బావ. నేను ఒప్పుకోలేదు. ప్రభుత్వ అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద పందెం పెట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద కేసు. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అదట్లా ఉంచితే, మా రోడ్ల మీద మిర్చి బస్తాల ట్రాక్టర్లు తిరుగుతాయి, చీకటి పడ్డాక వెనక లైటు లేని ఎడ్లబండ్లు తిరుగుతాయి. వాటి మధ్య పందెం అనే మాటే నాకు నచ్చదు.

అందుకే డ్రాగ్ రేస్. నిలబడిన చోటి నుంచి తిన్నగా పావు మైలు, అంటే 402 మీటర్లు. మలుపులు లేవు. మన దగ్గర ఇవి ఎక్కువగా ఎయిర్‌స్ట్రిప్‌ల మీద జరుగుతాయి. లోనావాలా దగ్గరి ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ ఈ పోటీలతో చాలామందికి పరిచయం. మేం పేర్లు ఇచ్చుకున్నదీ పుణే వైపు ఒక ఎయిర్‌స్ట్రిప్ మీద, రెండు రోజుల వీకెండ్ పోటీకి.

పేరు ఇచ్చాక మొదలయ్యాయి కాగితాలు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, డ్రైవింగ్ లైసెన్స్, పోటీ లైసెన్స్ కోసం డాక్టర్ సర్టిఫికెట్, బ్లడ్ గ్రూప్. నా కారు తెలంగాణ నంబరు మీద ఉండేది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో ఏడాదికి మించి ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలి. అక్కడి నుంచి అభ్యంతరం లేదనే కాగితం (ఎన్‌ఓసీ) తెచ్చి, ఇక్కడ పన్ను కట్టి నాందేడ్ నంబరు ఎంహెచ్ 26 చేయించే పని అప్పటికే నడుస్తోంది. బాసర ఇక్కడే ఉంది, పొద్దున పోయి కూరగాయలు కొనుక్కొచ్చేంత దూరం. బండి కాగితాలకు మాత్రం అది పరాయి దేశమే. సరిహద్దు ఊళ్లో కారు కొన్నవాళ్లకు ఈ బాధ చెప్పక్కర్లేదు.

అసలు చదవాల్సిన కాగితం ఇన్సూరెన్స్ పాలసీ. సొంత కారు పాలసీలో 'వాడకానికి పరిమితులు' అని ఒక పేరా ఉంటుంది. ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటి వాటికి వాడితే వర్తించదని అందులో స్పష్టంగా ఉంటుంది. అంటే ఎయిర్‌స్ట్రిప్ దాకా వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు పాలసీ ఉన్నట్టే. ట్రాక్ మీద ఏదైనా విరిగితే మన జేబే. బావ ఆ పేరా చదివి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కకు చెప్పకు" అన్నాడు.

ఏదైనా జరిగితే బాధ్యత నాదే అని రాసిచ్చే ఇండెమ్నిటీ బాండ్ కోసం స్టాంపు పేపరు పట్టుకుని నోటరీ దగ్గరికి పోతే, ఆయన ఎడ్లబండ్ల పందెం అనుకున్నాడు. ఆయన తప్పు లేదు. సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో మహారాష్ట్రలో ఎడ్లబండ్ల పందేలకు దారి తెరిచింది, 2023 మేలో రాజ్యాంగ ధర్మాసనం ఆ పందేలను అనుమతించే రాష్ట్ర చట్టాన్ని సమర్థించింది. ఈ పక్కన పందెం అంటే ముందుగా ఎడ్లే గుర్తొస్తాయి. కారు అని చెప్పాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఎంత ఇస్తరు?" ట్రోఫీ అన్నాను. నా ముఖంలోకి జాలిగా చూసి ముద్ర వేశాడు.

కారుకు చేసింది తక్కువే. ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజను కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి పవర్ పెంచడం, చేయించుకోమని చాలామంది చెప్పారు. ఉన్న కారు ఎంత పోతుందో తెలియకుండా మార్చడం నాకు ఇష్టం లేదు. ఇంజన్ ఆయిల్ మార్పించాను, బ్రేక్ ప్యాడ్లు చూపించాను, నాందేడ్‌లో ఎక్స్‌పీ95, అంటే 95 ఆక్టేన్ పెట్రోలు పోయించాను. పుణేలో ఎక్స్‌పీ100 కూడా దొరుకుతుంది, లీటరు 150 రూపాయల పైమాటే. 95 అడిగే ఇంజనుకు 100 పోస్తే అదనంగా వచ్చేది పెద్దగా ఉండదు. బావ ట్యాంకు నిండా 100 పోయించాడు. ఆ పెట్రోలు బరువు కూడా తనే మోయాలని చెప్పినా వినలేదు.

నాందేడ్, లాతూర్, బార్శీ మీదుగా వెళ్లి టెంభుర్ణి దగ్గర సోలాపూర్-పుణే హైవే ఎక్కాం. హైవే దాకా ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు. టీటీని ప్రతి దాని మీదా ఏటవాలుగా ఎక్కించి దించాలి. వెనక లారీ హారన్ కొడుతుంటే, పక్కన పిల్లలు వీడియో తీస్తుంటే. 402 మీటర్ల కన్నా ఇదే నాకు ఎక్కువ టెన్షన్.

శనివారం పొద్దున స్క్రూటినీ. కార్లు వరుసలో నిలబడితే ఒకాయన టార్చి పట్టుకుని కింద దూరాడు. ఆయిల్, కూలెంట్ లీకులు, బ్యాటరీ బిగింపు, వీల్ నట్లు, సీట్ బెల్టు, టైర్ల గాట్లు. లోపల కదిలే వస్తువు ఏదీ ఉండకూడదు: మ్యాట్లు, వాటర్ బాటిల్, డిక్కీలో జాకీ, అద్దానికి వేలాడే దేవుడి బొమ్మ కూడా. టో హుక్ ముందే బిగించి ఉండాలి, కారు ట్రాక్ మధ్యలో ఆగితే లాగడానికి. హెల్మెట్, పొడుగు చేతుల కాటన్ చొక్కా, బూట్లు తప్పనిసరి. నిప్పు అంటుకుంటే నైలాన్ బట్టలు కరిగి ఒంటికి అతుక్కుంటుంది కాబట్టి అవి వద్దు. జరీ అంచు కండువా కప్పుకుని వచ్చిన ఒక పెద్దాయనను మర్యాదగానే వెనక్కి పంపారు.

తర్వాత డ్రైవర్ల బ్రీఫింగ్. అక్కడ విన్న రెండు సంగతులు నాకు అంతకుముందు తెలియవు. ఒకటి, ఏసీ ఆపేయాలి. ఏసీ నుంచి కారే నీళ్లు స్టార్ట్ లైన్ దగ్గర పడితే వెనక వచ్చేవాడి చక్రం జారుతుంది. రెండు, చక్రాలు ఉన్నచోటే తిప్పి టైర్లు వేడి చేసుకోవడానికి లైనుకు ముందు తడిపిన చోటు ఒకటి ఉంటుంది, మామూలు రోడ్డు టైర్లు ఉన్నవాళ్లు దాని పక్క నుంచి పోవాలి. గాట్లలో నీళ్లు ఇరుక్కుని లైను దాకా వస్తాయి. సినిమాలో చూసినట్టు పొగలు లేపాలని ఎదురుచూసిన కుర్రాళ్ల ముఖాలు చిన్నబోయాయి.

లైను దగ్గర రెండు కాంతి కిరణాలు ఉంటాయి. ముందు చక్రం మొదటిదాన్ని అడ్డుకుంటే ప్రీ-స్టేజ్ బల్బు, ఇంకాస్త జరిగితే స్టేజ్ బల్బు వెలుగుతుంది. తర్వాత పసుపు లైట్లు, ఆపైన ఆకుపచ్చ. పచ్చ రాకముందే కదిలితే ఎరుపు, ఆ రన్ పోయినట్టే. మా పోటీలో లెక్క సులువు: క్లాసులో, అంటే ఒకే తరగతి కార్లలో, ఎవరి ఈటీ తక్కువైతే వాళ్లదే గెలుపు. ఈటీ అంటే 402 మీటర్లకు పట్టిన సమయం. ఆ గడియారం పచ్చ లైటుతో మొదలవ్వదు, మన చక్రం కిరణం దాటినప్పుడు మొదలవుతుంది. పచ్చ వచ్చాక ఒక సెకను ఊరికే కూర్చున్నా ఈటీ మారదు. మనం ఎంత త్వరగా స్పందించామన్నది రన్ అయ్యాక ఇచ్చే టైమ్ స్లిప్‌లో రియాక్షన్ టైమ్ అని వేరే వరుసలో వస్తుంది.

ఇది బ్రీఫింగ్‌లో అందరూ విన్నారు, తలలూపారు. లైను మీదికి పోయాక ఒక్కరికీ గుర్తులేదు. పక్క లేన్‌లో ఇంకో కారు గర్జిస్తుంటే ఆగడం ఎవరి తరం? బావ పక్కన నన్నే నిలబెట్టారు. పసుపు లైట్లు పూర్తి కాకముందే బావ ముందుకు దూకాడు. ఎరుపు. అటు చివర కారు దిగి చేతులు పైకెత్తి నిలబడ్డాడు. వెనకాల నేను ఫినిష్ దాటుతూ ఉండటం చూసి గెలిచాననుకున్నాడు. రన్ రద్దయిందని చెప్తే "మరి నీకన్న ముందొచ్చిన గదా" అన్నాడు. పోటీ నిర్వాహకుల్లో ఒకాయన ఓపికగా మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. రోడ్డు పందేలకు అలవాటుపడ్డవాళ్లకు ఇదే కష్టం, పక్కవాణ్ని చూడకుండా ఉండలేకపోవడం.

నా కారులో లాంచ్ కంట్రోల్ ఉంది, నిలబడిన చోటి నుంచి గట్టిగా బయల్దేరడానికి. ఎస్ మోడ్‌లో పెట్టి, స్టెబిలిటీ కంట్రోల్ స్పోర్ట్ చేసి, ఎడమ కాలితో బ్రేకు, కుడి కాలితో ఎక్సిలరేటరు పూర్తిగా తొక్కితే ఆర్‌పీఎం ఒకచోట ఆగుతుంది. బ్రేకు వదిలితే కారు మీదికి లేచినట్టు పోతుంది. మొదటి స్లిప్: 14.41 సెకన్లు. ఎండ ముదిరాక ఇంకా పెరిగింది. వేడి గాలి పలచగా ఉంటుంది, టర్బోకు ఆక్సిజన్ తక్కువ. పైగా వరుసలో నిలబడి ఇంజను కాలుతుంటుంది. రన్నుకీ రన్నుకీ మధ్య బానెట్ తెరిచి నీడలో పెట్టడం నేర్చుకున్నాను. ఆదివారం పొద్దున చల్లగా ఉండగానే ముందు వరుసలో నిలబడ్డాను: 14.08, చివర్లో వేగం గంటకు 157 కిలోమీటర్లు. మా క్లాసులో రీమ్యాప్ చేసిన కార్లు చాలానే ఉన్నాయి, మొదటి మూడింట్లో నేను లేను.

నాకు ఆ స్లిప్‌లో బాగా నచ్చిన అంకె వేరే ఉంది. మొదటి 60 అడుగులు, అంటే 18 మీటర్ల చిల్లరకు పట్టిన సమయం. నాది 2.02. బావది 2.48. ఆయన మొత్తం ఈటీ 14.93, చివరి వేగం 154. రెండు కార్లూ చివర్లో దాదాపు ఒకే వేగంతో దాటాయి. ఇంజన్ల మధ్య తేడా పెద్దగా లేదన్నమాట. తేడాలో సగానికి పైగా మొదటి 18 మీటర్లలోనే పడింది. కారు గట్టిగా ముందుకు లంఘిస్తే బరువు వెనక్కి పోతుంది, ముందు చక్రాలు తేలికై ఉత్తగా తిరుగుతాయి. నాలుగు చక్రాల కారుకు ఆ బాధ తక్కువ. బస్తా బరువులు రోజూ చూసే మనిషి కదా, స్లిప్పులు పక్కపక్కన పెట్టి చూపిస్తే బావకు వెంటనే అర్థమైంది. అయితే రియాక్షన్ టైమ్‌లో నాకన్నా ఆయనే ముందున్నాడు. ఇంటికొచ్చాక అందరికీ ఆ ఒక్క వరుసే చూపించాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు నాకు తోచింది: పాలసీలో ఆ పేరా చదవండి, ఆర్‌సీ మీ పేరు మీద లేకపోతే ముందే ఆ పని చూసుకోండి, హెల్మెట్ అక్కడ దొరుకుతుందిలే అని వెళ్లకండి. ట్యాంకు సగం చాలు. 20 లీటర్లు తగ్గితే 15 కిలోలు తగ్గినట్టే.

బావ ఇప్పుడు ముందు చక్రాలకు మెత్తటి రబ్బరు టైర్లు వెతుకుతున్నాడు. నాందేడ్‌లో లేవు, హైదరాబాద్‌లో ఒకచోట ఉన్నాయట. రెండింటికి చెప్పిన ధర విని నేనే వెనక్కి తగ్గాను. తను తగ్గలేదు. ఆ ధర కూడా అక్కకు చెప్పకూడదట.