వాన పడితే మెయిన్ పడిపోయేది: ఇంటి ముందు లైట్లు పెట్టించుకున్న నా అనుభవం

నిన్న రాత్రంతా వాయుగుండం వాన. పొద్దున్న లేచి చూస్తే మెయిన్ పడలేదు, ఫ్రిజ్ ఆగలేదు, గీజర్ వేసినా ఏమీ కాలేదు. దీపావళి ముందు పట్టుకున్న తలనొప్పి ఇవాళ్టికి వదిలింది కాబట్టి ఆ వేడి తగ్గకముందే రాసేస్తున్నాను. ఇంటి ముందు చిన్న జాగాలో లైట్లు పెట్టించుకోవాలనుకునేవాళ్లకు నా మాట ఒకటే. లైట్ల కేటలాగు తర్వాత చూడండి. మట్టిలో జాయింట్లు ఎలా వేస్తారో ముందు అడగండి.

మాది రాజమహేంద్రవరం శివార్లలో 200 గజాల ఇల్లు. ముందువైపు 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు ఖాళీ జాగా. అందులో ఒక కొబ్బరి చెట్టు, ఒక పారిజాతం, ప్రహరీ వెంట నందివర్ధనాలు, ఒక పక్కగా తులసికోట, గేటు నుంచి అరుగు దాకా రాళ్ల బాట. కడియం నర్సరీలు దగ్గరే కాబట్టి మొక్కలకు కొదవ లేదు. మా అత్తగారు కార్తీకమాసంలో ఇంకా చీకటి ఉండగానే తులసికోట దగ్గరికి వస్తారు. వానాకాలంలో పాముల భయం. ఉన్నదల్లా గేటు స్తంభం మీద ఒక బల్బు. అది వచ్చేవాళ్ల కళ్లలో కొట్టేది, కాళ్ల దగ్గర మాత్రం చీకటే.

ఏ లైటు ఎక్కడ పెట్టాలో నేనే చూసుకున్నాను, బాగా చూసుకున్నానని గట్టిగా చెప్పగలను. చీకటి పడ్డాక టార్చి పట్టుకుని ఒక్కో మొక్క కింద పెట్టి, వెనక్కొచ్చి వీధిలోంచి, అరుగు మీద నుంచి, పక్కింటి కిటికీ వైపు నుంచి చూశాను. కొబ్బరి మానుకు అడుగున్నర దూరంలో, 15 డిగ్రీల సన్నటి కిరణం ఉన్న, మట్టిలో గుచ్చే స్పైక్ లైటు పెడితే వెలుగు మాను పట్టుకుని మట్టల దాకా పోతుంది. పారిజాతానికి అదే పెడితే ఒక్క కొమ్మ మీద మచ్చలా పడుతుంది, దానికి 36 డిగ్రీలది కావాలి. నందివర్ధనాల వెనక గోడ మొదట్లో పెట్టి పైకి తిప్పితే ఆకుల నీడ, గోడ గరుకుతనం రెండూ తేలతాయి. బాటకు మోకాలి కంటే తక్కువ ఎత్తులో, వెలుగు కిందికే పడేలా మూత ఉన్నవి పెట్టాలి. తులసికోట మీద మాత్రం లైటు వద్దన్నాను. అక్కడ దీపం పెట్టుకుంటాం, పక్కనే ఎల్‌ఈడీ వెలిగితే ఆ దీపం కంటికి ఆనదు. పక్కన బాట మీద లైటుంటే పాదాల దగ్గర కనిపిస్తుంది, అది చాలు. మొత్తం కలిపి 30 వాట్లు కూడా కాలేదు. రోజుకు నాలుగు గంటలు వేసినా నెలకు నాలుగు యూనిట్లు దాటదు.

ఇదంతా కాగితం మీద గీసి షాపులో చూపిస్తే యజమాని చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఇంత జాగాకి డిజైనెందుకండీ, రెండు ఫ్లడ్ లైట్లు కొట్టించేయండి" అన్నాడు. పైగా అన్నీ 6500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) తెల్ల లైట్లే చూపించాడు. ఆ నీలం కలిసిన తెలుపులో ఆకులు పాలిపోయినట్టుంటాయి, పురుగులూ ఎక్కువగా మూగుతాయి. ఇళ్ల ముందుకు 2700 నుంచి 3000 దాకా ఉండే పసుపు వెలుగే తీసుకోండి. షాపువాళ్లు స్టాకు లేదంటే లేచి వచ్చేయండి, తెప్పిస్తారు. నేను లేచాకే తెప్పించారు.

ఆ షాపువాళ్లే పంపిన ఎలక్ట్రీషియన్‌తో నా కష్టాలు మొదలయ్యాయి. లైట్లు నేరుగా 230 వోల్టులవి. పైపులో వైరు లాగమన్నాను, జాయింట్లు నేల మీద బాక్సుల్లో పెట్టమన్నాను. "ఇరవై ఏళ్లుగా ఇలాగే వేస్తున్నామండీ" అని, నేను బజారుకెళ్లి వచ్చేసరికి మట్టి కప్పేసి రాళ్లు కూడా పరిచేశాడు. ఆ సాయంత్రం లైట్లు వెలిగాయి, చాలా బాగున్నాయి. అది నిజం.

మొదటి వానకే లైట్లు వెలుగుతుండగా మెయిన్ పడింది. పడింది ఫ్యూజు కాదు, ఆర్‌సీసీబీ, మనవాళ్లు ఎర్త్ లీకేజీ బ్రేకర్ అనేది. ఫేజులో పోయిన కరెంటు మొత్తం న్యూట్రల్లో తిరిగి వస్తోందా లేదా అని అది చూస్తూ ఉంటుంది. ఇళ్లలో పెట్టేదైతే తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే కొట్టేస్తుంది. అంటే కరెంటు ఎక్కడో నేలలోకి పోతోందన్నమాట. ఫోన్ చేస్తే ఆయన మర్నాడు కాక ఆ మర్నాడు వచ్చాడు. అప్పటికి ఎండ కాసి నేల ఆరిపోయింది. స్విచ్ వేస్తే అన్నీ చక్కగా వెలిగాయి. "ఏం లేదు కదండీ" అని బండెక్కి వెళ్లిపోయాడు.

తర్వాతి వాన అందరి బుర్రలూ తినేసింది. తోట లైట్ల స్విచ్ ఆఫ్‌లోనే ఉంది. రాత్రంతా మెయిన్ పడలేదు. తెల్లవారుజామున గీజర్ వేయగానే ఇల్లంతా చీకటి. మళ్లీ ఎత్తి గీజర్ వేస్తే మళ్లీ పడింది. గీజర్ ఆపేస్తే నిలబడింది. ఎలక్ట్రీషియన్‌కు ఇంతకంటే ఏం కావాలి? "గీజర్ పోయిందండీ, మా లైట్ల పని బానే ఉంది" అన్నాడు. గీజర్ విప్పించి మెకానిక్‌కు పంపాం. ఎలిమెంటు శుభ్రంగా ఉందని తిప్పి పంపాడు. ఈలోపు మళ్లీ వాన పడింది, ఈసారి బోరు మోటారు వేస్తే పడింది. గీజర్ గోడ మీద కూడా లేదు!

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఓమ్ నియమం, విద్యుత్ వలయాలు పదో తరగతి పిల్లల చేత బోర్డు మీద వేయించిన దాన్ని. నోట్‌బుక్ తీసి, వాన ఉందా లేదా, తోట స్విచ్ ఎలా ఉంది, ఏది వేస్తే పడింది అని వరసలుగా రాశాను. రెండే విషయాలు తేలాయి. నేల తడిగా ఉన్నప్పుడే పడుతోంది. ఎక్కువ కరెంటు లాగేది ఏది వేసినా పడుతోంది, అది గీజరే కానక్కర్లేదు. ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. మామూలు స్విచ్ ఫేజును మాత్రమే తెంపుతుంది. స్విచ్ ఆపినా తోటలోకి వెళ్లిన న్యూట్రల్ వైరు ఇంటి న్యూట్రల్‌కు కలిసే ఉంటుంది. మట్టిలో ఆ న్యూట్రల్ ఎర్తును తాకుతోందని నా అనుమానం.

ఇదే మాట ఎలక్ట్రీషియన్‌కు ఫోన్లో చెప్పాను. అవతలి నుంచి వచ్చిన జవాబు: "సార్ ఉన్నారాండీ? సార్‌కి ఇవ్వండి, చెప్తాను."

మా వారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు, ఫేజు ఏదో న్యూట్రల్ ఏదో ఆయనకు తెలియదు, తెలుసునని ఎప్పుడూ అనలేదు కూడా. అయినా ఫోన్ ఆయనకే ఇవ్వాలట!

కార్తీక పౌర్ణమి నాడు బంధువులంతా వచ్చారు. ఆడవాళ్లు తులసికోట దగ్గర 365 వత్తులు వెలిగించారు. అంతలో జల్లు పడింది, లోపల ఎవరో మోటారు వేశారు, మెయిన్ పడింది. ఇక ఎత్తితే నిలబడనే లేదు. ఎలక్ట్రీషియన్‌ను బతిమాలి పిలిపించాం. వచ్చి, డీబీ (బ్రేకర్లన్నీ ఉండే బాక్సు) మూత తీసి, ఆర్‌సీసీబీ మీద వేలు పెట్టి, "ఇదండీ మీ గొడవంతా. దీన్ని తీసేసి డైరెక్ట్ చేసేస్తే ఇక ఎప్పుడూ పడదు" అన్నాడు. తీయడానికి వీల్లేదన్నాను. నా మొహం చూడకుండా, మా వారితో, అంతమంది చుట్టాల ముందు, "మేడమ్ గారికి భయం ఎక్కువండీ, పుస్తకాల్లో చదివి ఉంటారు" అన్నాడు. మా ఆడపడుచు భర్త నవ్వాడు. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇవాళ ఇంజనీర్లయి ఉన్నారు. నా ఇంట్లో, నా డబ్బుతో చేయించిన పని గురించి మాట్లాడే అర్హత నాకు లేదన్నట్టు ఆ ఎలక్ట్రీషియన్ నిలబడ్డ తీరు ఇంకా కళ్లముందే ఉంది. స్క్రూడ్రైవర్ కింద పెట్టమన్నాను. ఆ రాత్రి కొవ్వొత్తులతోనే వడ్డించాం.

తర్వాత పిలిచిన ఇంకో ఆయన కాస్త మర్యాదగా మాట్లాడాడు, చెప్పింది మాత్రం అంతకంటే ప్రమాదకరమైన మాట. "30 ది తీసేసి 300 ది పెడదామండీ, పడదు" అన్నాడు. 300 మిల్లీ ఆంపియర్లది మంటలు రాకుండా ఇంటిని కాపాడటానికి పెడతారు, మనిషిని కాపాడటానికి కాదు. తడినేల మీద వట్టి కాళ్లతో నిలబడ్డ మనిషి ఒంట్లోంచి అందులో మూడో వంతు పోయినా గుండె ఆగిపోవచ్చు, ఆ బ్రేకర్ కదలదు కూడా. మా అత్తగారు చెప్పుల్లేకుండా తులసికి నీళ్లు పోసే చోటు అది. పిల్లలు బంతి కోసం మొక్కల్లో చేతులు పెట్టే చోటు. బ్రేకర్ పదేపదే పడుతోందంటే లోపల తప్పుందని చెబుతోంది. తప్పు వెతకడం చేతకాక ఆ చెప్పేదాని నోరు నొక్కేయడం పనితనమా? ఇలా ఎన్ని ఇళ్లలో చేసి డబ్బులు పుచ్చుకుని వెళ్లారో తలుచుకుంటే నాకు నిద్ర పట్టలేదు. మీ ఇంటికొచ్చిన ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఈ మాటంటే ఆ క్షణమే పంపించేయండి, మొహమాటపడకండి.

చివరికి పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దొరికారు. ఆయన నా నోట్‌బుక్ అడిగి తీసుకుని, అరుగు మీద కూర్చుని చదివి, "న్యూట్రలేనమ్మా, మీరు సరిగ్గానే పట్టారు" అన్నారు. నేను కావాలనుకున్నది అంతే, చెప్పింది వినడం. మెయిన్ ఆపి, తోట లైను ఫేజు, న్యూట్రల్ రెండూ డీబీలోంచి విప్పి, లైట్లు కూడా విడదీసి, వైరు ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మెగ్గర్, చేత్తో తిప్పే 500 వోల్టులది, పెట్టారు. పొడినేల మీద ముల్లు పైనే నిలిచింది. నన్ను బాట పక్కన బిందెడు నీళ్లు పోయమన్నారు. నీళ్లు ఇంకే కొద్దీ ముల్లు జారుతూ వచ్చి సున్నా మీద కూర్చుంది.

అక్కడే గునపంతో తవ్వితే, పారిజాతం పక్కన, జానెడు లోతులో జాయింటు బయటపడింది. నల్ల టేపు ఉబ్బి, జిగురు తెల్లగా పాలలా కారుతోంది. విప్పితే లోపల మెలితిప్పిన రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. న్యూట్రల్ ముడి, ఎర్తు ముడి రెండూ ఒకదానికొకటి ఆనించి ఒకే టేపు చుట్టులో కట్టేశాడు. మొక్కలకు వేసిన ఎరువు కరిగిన నీళ్లు ఆ మధ్యలో నిండి ఉన్నాయి. ఇంట్లో పెద్ద లోడు వేసినప్పుడు న్యూట్రల్ వైరు మీద ఎర్తుతో పోలిస్తే కొద్ది వోల్టులు పెరుగుతాయి. ఆ కొద్దిపాటికే కరెంటులో కొంత ఈ తడి ముడిలోంచి ఎర్తులోకి దారి తీసుకుంటోంది, తేడా రాగానే బ్రేకర్ పడుతోంది. గీజర్ తప్పూ లేదు, మోటారు తప్పూ లేదు. ఆ టేపు ముక్కను కవర్లో వేసి దాచాను.

ఆ తర్వాత పని సులువుగా అయిపోయింది. మొత్తం తవ్వించి 24 వోల్టుల లైట్లకు మార్చాం. 12 వోల్టులవి చవగ్గా దొరుకుతాయి కానీ మా చివరి లైటు 20 మీటర్ల దూరం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 30 వాట్ల లోడు మొత్తం చివరే ఉందనుకుని లెక్కేస్తే 12 వోల్టుల దగ్గర దాదాపు పదో వంతు దారిలోనే పోతుంది, 24 దగ్గర నలభయ్యో వంతే. ఈ లెక్క నేను కాగితం మీద వేసి చూపిస్తే పెద్దాయన తన లెక్కతో సరిచూసి అదేనన్నారు. 230 వోల్టులను 24కు దించే డ్రైవరును చూరు కింద గోడకు, నీళ్లు తగలని ఎత్తులో పెట్టాం. వైరు పైపులో వెళ్లింది. మట్టిలో ఒక్క ముడి లేదు, కలపాల్సినవన్నీ నేలకు పైన బాక్సుల్లో, జెల్ నింపిన కనెక్టర్లతో కలిపాం. తోట లైనుకు ఫేజూ న్యూట్రలూ రెండూ తెంపే ఆర్‌సీబీవో (లీకేజీకీ ఓవర్‌లోడుకీ రెంటికీ పడే బ్రేకర్) విడిగా పెట్టించాను, అక్కడ ఏదైనా తేడా వస్తే ఇల్లు చీకటి కాదు. నీళ్లను తట్టుకునే రేటింగు ఐపీ67 ఉన్న లైట్లు తీసుకోండి. ఐపీ65 అంటే జల్లు కొట్టినా తట్టుకుంటుంది కానీ నీళ్లలో మునిగితే తట్టుకుంటుందని కాదు, మా గోడ మొదట్లో వానకు నీళ్లు నిలుస్తాయి. ఫిట్టింగులోకి వెళ్లే వైరును కిందికి వంకీ తిప్పి పైకి తీసుకెళితే దాని మీదుగా జారే నీరు ఆ వంకీ దగ్గరే రాలిపోతుంది, వైరు లోపలికి దూరే చోట ఉండే గ్లాండు దాకా రాదు.

మొదటి ఎలక్ట్రీషియన్ మిగతా డబ్బు కోసం మొన్న వచ్చాడు. కవర్లో దాచిన టేపు ముక్క బల్ల మీద పెట్టాను. మెగ్గర్ పెట్టి, తను వేసిన లైను రీడింగు కాగితం మీద రాసి, సంతకం చేసి ఇస్తే డబ్బులిస్తానన్నాను. ఈసారి కూడా "సార్ లేరాండీ" అని అడిగాడు. మా వారు లోపలి నుంచే, "అదంతా మేడమే చూస్తారు" అన్నారు.