బాబాయికి పొగరెక్కిందనుకున్నాం

మా బాబాయికి బైక్ యాక్సిడెంట్ అయి 3 ఏళ్లు దాటింది. నుదుటి దగ్గర గట్టి దెబ్బ. కుట్లు పడ్డాయి, కొన్నాళ్లకి ఇంటికొచ్చేశాడు, నడుస్తున్నాడు, లెక్కలు కూడా ఎప్పటిలాగే చకచకా వేస్తున్నాడు, దాంతో గండం గడిచిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం. రెండు నెలలకి మొదలైంది. తలుపు గట్టిగా పడితే అరుపులు, మాటకి ఎవరైనా అడ్డొస్తే చేతిలో ఉన్నది విసిరేయడం. అంతకు ముందు ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి! "చావు తప్పించుకున్నాక పొగరెక్కింది" అన్నారు ఇంట్లో. నేనూ అదే అనుకుని ఆయనతో 6 నెలలు మాట్లాడలేదు. ఆ 6 నెలలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు పిండేసినట్టు ఉంటుంది, అందుకే ఇది రాస్తున్నాను.

కోపం రావడం వేరు, వచ్చిన కోపాన్ని ఆపుకోవడం వేరు. కణతల లోపలి వైపు, మెదడు లోతుల్లో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డాలా ఏదైనా ముప్పు కనిపిస్తే చాలు ఉలిక్కిపడుతుంది, ఒంటిని పోట్లాటకి సిద్ధం చేసే హైపోథాలమస్ అనే మెదడు భాగాన్ని కదిలిస్తుంది, గుండె దడదడలాడుతుంది, పిడికిలి బిగుసుకుంటుంది. మనం ఆలోచించేలోపే ఇదంతా అయిపోతుంది. "ఆగు, వాడు కావాలని అనలేదు" అని సర్దిచెప్పేది నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, ముఖ్యంగా దాని కింది భాగం, కళ్లకి కాస్త పైన ఉండేది. పాతికేళ్లు దగ్గరపడే దాకా అది ఎదుగుతూనే ఉంటుంది. నిద్ర చాలకపోయినా, మందు తాగినా దాని పట్టు సడలుతుంది. బాబాయికి దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడ.

వియత్నాం యుద్ధంలో తలకి గాయాలైన అమెరికా సైనికుల్ని ఏళ్ల తరబడి గమనించి 1996లో ఒక అధ్యయనం ప్రచురించారు. మెదడులో వేరే చోట గాయమైన వాళ్లకంటే ఈ కింది భాగం దెబ్బతిన్నవాళ్లలో దుడుకుతనం ఎక్కువ కనిపించింది. అది కూడా చాలావరకు చేయి చేసుకోవడం కాదు, మాటల గొడవలు, బెదిరింపులు. అది చదువుతుంటే మా ఇంటి గురించే రాసినట్టు అనిపించింది.

అలాగని మెదడు మీదకి నెట్టేసి చేతులు దులుపుకోమని నేను అనను. ఆ అరుపులకి పిన్ని పడ్డ భయం నిజం, కారణం తెలిసినంత మాత్రాన అది తగ్గదు. తలకి దెబ్బ తగిలిన వాళ్లంతా ఇలా మారతారని కూడా కాదు. కానీ నెమ్మదైన మనిషి ఉన్నట్టుండి దుడుకుగా మారితే ముందు గుణాన్ని తిట్టకండి, ఈమధ్య తలకి ఏమైనా తగిలిందా, నిద్ర పడుతోందా, కొత్త మందులు వాడుతున్నారా అని అడగండి, న్యూరాలజిస్ట్‌కి చూపించండి. మేం ఆ పని చేయడానికి దాదాపు ఏడాది పట్టింది.

1848లో అమెరికాలో రైలు మార్గం పనిలో ఫినియాస్ గేజ్ అనే అతని ఎడమ చెంపలోంచి దూసుకెళ్లిన ఇనుప కడ్డీ నడినెత్తి నుంచి బయటికొచ్చింది. బతికాడు, కానీ నోటికొచ్చినట్టు తిట్టే మనిషయ్యాడని ఆయన డాక్టరు రాశాడు. అందరూ కథని అక్కడితో ఆపేస్తారు, అదే నాకు నచ్చదు. ఆ తర్వాత అతను చిలీ దేశం వెళ్లి ఏళ్ల తరబడి గుర్రపు బండ్లు తోలాడు! రోజూ ఒకే వేళకి ఒకే పని చేయడం వల్లే చాలావరకు కుదుటపడి ఉంటాడని కొందరు పరిశోధకులు అంటారు.

బాబాయికి కూడా మందులతో పాటు అదే పనిచేస్తోంది, ఒకే వేళకి నిద్ర, ఇంట్లో చప్పుడు తక్కువ, కోపం వస్తున్నట్టు అనిపిస్తే లేచి డాబా మీదకి వెళ్లిపోవడం. మొన్న మాట్లాడుతుంటే అలవాటు కొద్దీ అడ్డొచ్చాను. కళ్లు మూసుకుని కాసేపు ఊరుకున్నాడు. "ఉండరా, నన్ను చెప్పనీ" అన్నాడు, మెల్లగానే.