జానెడు కన్నానికి బారెడు అతుకు

పొయ్యి తీసేసి చాలా ఏళ్లయింది. దాని పొగగొట్టం మాత్రం రేకుల కప్పులోంచి పైకి పొడుచుకుని అలాగే ఉండిపోయింది. వాన పడితే చాలు, నీళ్లు మసితో కలిసి గోడ మీద కాటుక చారల్లా దిగేవి. ఏటా గొట్టం చుట్టూ తారు పూయడం, ఏటా అది పగలడం. ఈసారి గొట్టాన్నే పీకేద్దామని నిచ్చెన వేశాను.

నాది ఇనుప గొట్టం కాబట్టి ధైర్యం చేశాను. పాత సిమెంటు గొట్టమైతే ముట్టుకునేవాణ్ని కాను. అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, కోస్తే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అడుగున ప్లాస్టిక్ సంచి కట్టి, పైనుంచి మెల్లగా తిప్పాను. సంచి ఊడిపోయింది. "బావా, ఆపు! మసంతా నా నెత్తిమీదే!" అని కింద నుంచి మా బావమరిది కేక. గొట్టం దింపాక లోపల చూస్తే గోడంతా నల్లటి లక్క పూసినట్టు నిగనిగలాడుతోంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే గాజు పెంకుల్లా రాలింది. కట్టెల పొగ చల్లబడి పేరుకుంటే ఇలా తయారవుతుందట, నిప్పు తగిలితే భగ్గుమంటుందట. అన్నాళ్లూ దీని కిందే పొయ్యి వెలిగించామా అనిపించింది.

ఇక కన్నం. జానెడు ఉంటుంది. అదే మోస్తరు రేకు ముక్క పైన పెట్టి, నాలుగు వైపులా సందులు మూసే జిగురు, అదే సీలెంట్, దట్టించి, పని అయిపోయిందని దిగాను. మొదటి వానకే టప్ టప్.

తప్పు నాదే. వాలు మీద దిగే నీళ్లు నేరుగా అతుకు పై అంచుకే తగులుతాయి. అక్కడ వాటిని ఆపేది సీలెంట్ ఒక్కటే. అదేమో పాత తారు మీద పట్టుకోలేదు, తోలులా లేచొచ్చింది. రేకులు ఎలా పరుస్తారో రోజూ చూస్తూనే ఉన్నా బుర్రకెక్కలేదు: పై రేకు ఎప్పుడూ కింది రేకు మీద ఉంటుంది. అతుకూ అంతే. దాని పై అంచు పై వరుస రేకు కిందకి దూరాలి, కింది అంచు పాత రేకు మీద కూర్చోవాలి.

కన్నమేమో రేకు మధ్యలో ఉంది. అక్కడి నుంచి పై వరుస దాకా పోవాలంటే ముక్క పొడుగు ఐదడుగులు దాటింది. "జానెడు కన్నానికి బారెడు అతుకా!" అని మా వాడు ఒకటే నవ్వు.

పై వరుస స్క్రూలు వదులు చేసి ముక్కను లోపలికి జరిపాం. రేకు అలలు ఒకదాంట్లో ఒకటి కూర్చోవడానికే గంట పట్టింది. స్క్రూలు అల ఎత్తు మీదే వేశాను, పల్లంలో వేస్తే నీళ్లు పారేది అక్కడే. స్క్రూ తల కింది రబ్బరు వాషర్ కొంచెం ఉబ్బేదాకా బిగిస్తే చాలు. మొదటి రెండూ బలంకొద్దీ బిగించి చితక్కొట్టాను, మార్చాల్సొచ్చింది. రంధ్రాలు చేసినప్పుడు రాలిన ఇనుప రజను ఊడ్చేసి దిగాం, లేకపోతే తడికి అక్కడే తుప్పు మచ్చలు పడతాయి.

తర్వాత రాత్రంతా వాన పడితే రెండుసార్లు లేచి టార్చి వేసి చూశాను. పొడిగానే ఉంది. గోడ మీద మసి చారలు మాత్రం రెండు పూతలు సున్నం కొట్టినా పసుప్పచ్చగా పైకి తేలుతున్నాయి. రంగుకు ముందు అడుగు పూతగా వేసే ఆయిల్ ప్రైమర్ వేస్తే ఆగుతాయంటున్నారు. నిచ్చెన ఇంకా లోపల పెట్టలేదు.